రెండో గది ముందు చెప్పులు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. కోల్డ్ స్టోరేజీల్లో ఇరవై ఏళ్లుగా మెకానిక్ పని. మా ఆవిడ అమావాస్య అని ఆపితే, కావాలనే ఆ రోజు పనికి బయల్దేరే రకం. గ్యాస్‌కి భయపడు, కరెంటుకి భయపడు, మిగతావన్నీ సొల్లు కబుర్లు అని మా తమ్ముడు మునిరత్నానికి నేర్పింది కూడా నేనే.

పాకాల దగ్గర చింతపండు నిల్వ చేసే ఒక పాత కోల్డ్ స్టోరేజీలో మా ఇద్దరికీ పని పడింది. ఓజోన్ పొరను తినేస్తుందని పాత గ్యాస్‌ను ఇప్పుడు మాన్పిస్తున్నారు కదా. మిషన్లు అవే ఉంచి, గొట్టాల్లోని గ్యాస్‌ను సిలిండర్లలోకి లాగేసి, కొత్తది నింపాలి. ఆ పాత గ్యాస్‌కి వాసన పెద్దగా ఉండదు. గాలికన్నా బరువు. లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది, కింద పడ్డవాడికి ఊపిరి అందదు.

అక్కడొక అలవాటు ఉంది. లోపల ఉండేది తినే సరుకు కాబట్టి, గదిలోకి ఎవరు వెళ్లినా చెప్పులు బయటే విడుస్తారు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. తలుపు వేసేవాడు ముందు కింద చూసి వేస్తాడు.

ఆ మధ్యాహ్నం రెండో గది ముందు చెప్పులు లేవు. తలుపు మూసి గడియ పెట్టి, మిషన్ దగ్గరికి వెళ్లిపోయాను. తమ్ముడికి ఆ పొద్దున్నే సేఫ్టీ బూట్లు తొడిగించింది నేనే. వాటితోనే వాడు లోపలికి వెళ్లి ఉంటాడని నా పాడు బుర్రకు తట్టలేదు.

పది నిమిషాల తర్వాత స్పానర్ కోసం అటు వచ్చాను. తలుపు ముందు ఒక జత రబ్బరు చెప్పులు. నీలం పట్టీలు, మడమల దగ్గర బాగా అరిగిపోయాయి.

“ఎవురప్పా లోపల?” అని అరుస్తూ గడియ తీశాను.

మునిరత్నం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. స్పృహ లేదు. పక్కనే గొట్టం అతుకు ఊడి గ్యాస్ బుస్సుమంటోంది. ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాను. ఈడ్చినంతసేపూ నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నానన్న మాట తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆస్పత్రిలో సాయంత్రానికి కళ్లు తెరిచాడు. మొదట అడిగింది ఇదీ.

“ఆ పెద్దాయన యాడుండాడన్నా? నేను పడిపోతావుంటే పట్టుకోని గోడకు కూసోబెట్టినాడు. తల కిందికి వాల్చొద్దురా అని గడ్డం పట్టుకోనే ఉండినాడు. ఆయన్ని గూడా బయటికి తెచ్చినావా?”

“తెచ్చినాన్లేరా, బాగుండాడు” అని అబద్ధం చెప్పాను. వాడు నెమ్మదించి నిద్రపోయాడు.

మర్నాడు వెళ్లి ఆ గదిలో బస్తా బస్తా జరిపించి చూశాను. ఎవరూ లేరు. చెప్పులు చూపిస్తే అక్కడి ఆపరేటరు తల అడ్డంగా ఊపాడు. “ఇవి మావోళ్లెవురివీ కాదప్పా. నేనెప్పుడూ సూడలేదు” అన్నాడు.

మునిరత్నం ఇప్పుడు బాగున్నాడు. బయటినుంచి గడియ పెట్టింది నేనేనని వాడికి ఇంతవరకూ చెప్పలేదు. ఆయనెవరో, లోపలికి ఎలా వచ్చాడో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. కానీ ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది. నేను బయట పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది. అంటే నేను తలుపు వేస్తుండగా, ఆయన లోపల నిలబడి నన్ను చూసే ఉంటాడు.