లాగి చూడు వదినా

మా మరిది ఏది బిగించినా "లాగి చూడు వదినా" అనేవాడు. దుబాయ్ కరామాలో మా ఇంట్లో కర్టెన్ రాడ్డయినా, పాప ఉయ్యాల కొక్కెమైనా, నేను లాగి తల ఊపేదాకా స్క్రూడ్రైవర్ కింద పెట్టేవాడు కాదు.

ఇంజిన్‌కి పికప్ పెంచుతుందని ఒక ట్యూనింగ్ బాక్స్ కొని, తన పాత కారులో స్టీరింగ్ కింద జిగురు టేపుతో అంటించాడు. దాన్ని మాత్రం నన్ను లాగమనలేదు. పాపకు టీకా వేయించడానికి వెళ్తుంటే, జూలై ఎండకి జిగురు కరిగి, షేక్ జాయెద్ రోడ్డు మీద ఆ బాక్స్ ఊడి బ్రేక్ కింద పడింది. కాలితో పక్కకు తన్ని ఎలాగో బండి ఆపాడు. పాప పాలసీసాకి మూత పెట్టాను. అక్కణ్ణుంచే ఇంటికి తిరిగొచ్చేశాం.

శుక్రవారం పొద్దున్నే పార్కింగ్‌లో కూర్చుని మళ్ళీ బిగించాడు. అల్యూమినియం పట్టీ వేసి, కింద రబ్బరు ముక్క పెట్టి, రెండు బోల్టులు తిప్పాడు. వైర్లను కంపెనీ వైర్ల వెంటే నడిపి ప్లాస్టిక్ టైలతో కట్టాడు. వాటి కొసలను నెయిల్ కట్టర్‌తో కత్తిరించి, ఎక్కడైనా గీసుకుంటాయేమోనని బొటనవేలితో తడిమి చూశాడు.

"పీకి పారెయ్యొచ్చుగా?" అన్నాను.

"ఇంత నీట్‌గా వచ్చాక పీకమంటావేంటి! లాగి చూడు వదినా."

ఊడి రావాలనే రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

"ఖలాస్! ఇంక నీ వల్ల కాదు," అని నవ్వాడు.

ఆగిపోయిన టీకా కోసం అప్పుడే బయల్దేరాం. వెనక సీట్లో పాప గుండె మీద చెయ్యేసి కూర్చున్నాను. అద్దంలో నన్నొకసారి చూశాడు. వెనకనుంచి ఎవరెన్ని హారన్లు కొట్టినా, క్లినిక్ దాకా ఆ కారు నెమ్మదిగా వెళ్ళే బళ్ళ కుడి చివరి లేన్లో అరవై దాటలేదు.