చిన్న సైజు మాలు

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో పనికి చేరేనాటికి నాకు ఇరవై ఏండ్లు. సెల్‌ఫోన్లు ఇంకా మాలాంటోళ్ళ చేతుల్లోకి రాలేదు. ఊర్లో ఏ సందులోకి పోయినా మిషన్ల చప్పుడే. కత్తిరించిన గుడ్డ బళ్ళారి నుంచి టెంపోల్లో వచ్చేది, మేము కుట్టినాక మళ్ళా బళ్ళారికే పోయేది. ఆ ప్యాంట్లు ఎవరు తొడుక్కుంటారో మాకు తెలీదు. అడిగినోళ్ళు కూడా లేరు.

అంతకుముందు ఏడు నా బిడ్డ పోయింది. కూర్చోవడం నేర్చుకుంది, పాకడం ఇంకా రాలేదు. జరమొచ్చింది, తగ్గింది, మళ్ళా వచ్చింది, ఈసారి తగ్గలేదు. అంతే. అంతకన్నా చెప్పడానికి ఏమన్నా ఉంటే బాగుండేదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మా అత్తగారి ఊరు వజ్రకరూరు దిక్కు. మా ఆయన బెంగళూరులో కట్టడం పనికి పోయేవాడు. బిడ్డ పోయినాక కొన్నాళ్ళకు మా అత్త, "పుట్టింట్లో కొన్ని దినాలు ఉండి రా, మనసు కుదురుకుంటాది" అని బస్సెక్కించింది. తర్వాత పిలవడానికి ఎవరూ రాలేదు. నేనూ ఎదురు చూడలేదు.

కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో ఆడోళ్ళంతా వచ్చి నా చుట్టూ కూర్చునేవాళ్ళు. "ఏడ్చు తల్లీ, ఏడిస్తే పోతాది" అనేవాళ్ళు. నేను ప్రయత్నం కూడా చేసినాను. కండ్లు మండేవే గానీ నీళ్ళొచ్చేవి కాదు. చివరికి వాళ్ళే ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని పోయేవాళ్ళు. వీధిలోకి పోయినాక "రాయి మాదిరి కూచుండాది" అనుకోవడం నాకు వినపడేది. తప్పు మాట కాదది. ఆ ఏడు చెనిక్కాయ పంట ఊడలు దిగి కాయ పట్టకముందే ఎండిపోయింది. నాయన పొద్దంతా వసారాలో కూర్చుని చేని దిక్కు చూసేవాడు, నేను గోడ దిక్కు చూసేదాన్ని. ఒకనాడు ఆయనే లేచినాడు.

"ఇద్దరం ఇట్ల కూచుంటే ఇల్లు ఇల్లుగా ఉండదు పాపా. రాయదుర్గంలో మీ పెద్దమ్మ ఉండాది కదా. ఆడ ఏదో ఒక పని చేసుకుందువు, రా."

సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని.

మేము పని చేసే షెడ్డు ఒకప్పుడు చెనిక్కాయల గోడౌను. రేకుల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నమైతే పొట్టు వాసన ఇంకా గోడల్లోంచి వచ్చేది. ఒక్కొక్కరిది ఒక్కో పని. ఒకరు జేబులు, ఒకరు జిప్పులు, ఒకరు నడుం పట్టీ. నన్ను మొదట దారాలు కత్తిరించే ఆడోళ్ళ దగ్గర కూర్చోబెట్టినారు. కొన్ని నెలలకు మిషను నేర్చుకున్నాక ప్యాంటు కాళ్ళు అతికే పనిచ్చినారు. రెండు ముక్కలు కలిపి పట్టుకోవడం, పైనుంచి కిందికి కుట్టు లాగడం, అవతల పారేయడం, ఇంకో రెండు ముక్కలు తీసుకోవడం. సాయంత్రానికి చేతులు నీలంగా అయ్యేవి. ముక్కు చీదితే అది కూడా నీలమే. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో రంగు పోయేది కాదు.

ఆ పని నాకు బాగుండేది. బాగుండడమంటే సంతోషమని కాదు. మిషన్లన్నీ ఒకేసారి తిరుగుతాంటే ఆ చప్పుడులో తలకాయలోకి ఏ మాటా దూరేది కాదు. కరెంటు పోయినప్పుడు మాత్రం కష్టం. అందరూ బయటికొచ్చి గోడ నీడన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నేను లోపలే మిషను ముందర కూర్చుని కరెంటు కోసం చూసేదాన్ని.

ఇంట్లో కూడా అంతే. ఒకసారి పెద్దమ్మ పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయింది. నేను తినేసి, కంచం కడిగి, పడుకున్నాను. తర్వాత ఆమె తినబోయి, "ఇదేంది పాపా, చప్పగా ఉండాది, చెప్పొద్దా నాకు?" అనింది. నాకు తెలీలేదన్నాను. పెద్దమ్మ నా దిక్కు చూసి, ఉప్పు వేసుకుని తినింది.

నా పక్క మిషను మీద జిప్పులు కుట్టే ఆమెను అందరూ జిప్పులక్క అనేవాళ్ళు. నాకంటే పెద్దది, సాయిబుల ఇంటామె, మంచి ఒళ్ళు మనిషి. వాళ్ళాయన మా మాలు బళ్ళారికి తోలే టెంపో డ్రైవరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, మాతో మాకన్నా మోటు తెలుగు మాట్లాడేది. నా సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అందరూ నన్ను చూస్తే గొంతు తగ్గించేవాళ్ళు. ఆమె ఒక్కతే తగ్గించలేదు. మొదటి రోజే నా క్యారియరు మూత తానే తీసి చూసింది.

"ఏమ్మే, రోజూ ఈ మజ్జిగన్నమేనా? పశువులు కూడా మేత మారిస్తాయి" అని తన రొట్టె సగం తుంచి నా మూతలో పెట్టింది.

అట్ల మొదలైంది. స్నేహమని అప్పుడు నేననుకోలేదు. ఆమె మాట్లాడేది, నేను పక్కన ఉండేదాన్ని. ఆదివారం పొద్దున వచ్చి "లేయ్ మే" అని నన్ను బజారుకు లాక్కుపోయేది. బస్టాండు దగ్గర ఒక ముసలాయన బండి మీద బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్ళం. ఆమెకు కారం పడదు, అయినా మానదు. కండ్లల్లో నీళ్ళు కారుతాంటే "ఇంకొకటి పెట్టన్నా" అనేది. తర్వాత మ్యాట్నీ. సినిమాలో తల్లి కనపడితే చాలు, ఇంకా కథలో కష్టం రాకముందే ఏడుపు అందుకునేది. ముందు వరసలోళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. నేను తెర కన్నా ఆమె ముఖమే ఎక్కువ చూసేదాన్ని. ఇంత సులువుగా ఎట్ల వస్తాయా అనుకునేదాన్ని. నా వంతు ఏడుపు కూడా ఆమే ఏడ్చేస్తాందేమో అనిపించేది.

ఇట్ల రెండో ఏడు నడుస్తాంది. దసరా ముందర పని ఎక్కువ. ఒకనాడు మేస్త్రి కొత్త కట్ట తెచ్చి నా మిషను పక్కన పడేసినాడు.

"చిన్న సైజు మాలు. వారంలో పోవల్ల" అన్నాడు.

కట్ట విప్పినాను. ఏడాది పిల్లల ప్యాంట్లు. ఒక్కో కాలు నా జానెడు కంటే కొంచెం ఎక్కువ. రెండు ముక్కలు తీసి కలిపి పట్టుకున్నాను. పెద్ద ప్యాంటైతే కుట్టు లాగడానికి కొంచెం సేపు పట్టేది, ఇవి మొదలుపెట్టేలోపలే అయిపోతాండాయి. ఒకటి కుట్టినాను, రెండోది కుట్టినాను. నాకేమీ కాలేదు. నిజంగానే ఏమీ కాలేదు. గుడ్డ గుడ్డ మాదిరే ఉండింది.

జిప్పులక్క మిషను ఆగింది. ఆమె లేచి వచ్చి నా కట్టను రెండు చేతులా ఎత్తుకుని తన పక్కన పెట్టుకుంది. తన కట్ట తెచ్చి నా ముందర వేసింది.

"నా నడుం పట్టేసిందిమే. చిన్నవైతే సులువు. నువ్వు పెద్దవి కుట్టుకో."

చిన్న పిల్లల ప్యాంట్లకు జిప్పు ఉండదు, నడుంకు ఎలాస్టిక్కే. వాటిలో ఆమెకు పనే లేదు. ఆమె కాళ్ళు అతకడం నేనెప్పుడూ చూడలేదు. మొదటిదే వంకరగా కుట్టి, పళ్ళతో దారం తెంచి, విప్పుతాంది. వరసలో ఆడోళ్ళంతా తలలు వంచుకుని కుడుతుండారు.

నేను లేచి ఆమె దగ్గరికి పోయినాను.

"ఇయ్యక్కా. నేనే కుడతా."

"కుట్టగలవా?"

"నాకేమీ కాదులే."

ఆమె విప్పడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"అదే కదమ్మే నా భయం" అనింది.

కట్ట కోసం చెయ్యి చాపినాను. కాసేపటికి ఆమె జరిగి బల్ల మీద చోటిచ్చింది. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను కుట్టేదాన్ని, ఆమె ముక్కలు కలిపి అందించేది. కట్ట సగమయ్యేదాకా నోరు మూసుకుని ఉండడం ఆమెకు కష్టమే అయ్యుంటాది. తర్వాత, మిషను చప్పుడులో నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది.

"ఎంతుండె?"

నేను కుట్టడం ఆపి, బల్ల మీద రెండు చేతులూ పెట్టి చూపించినాను. ఒక చెయ్యి తల దగ్గర, ఒక చెయ్యి కాళ్ళ దగ్గర. ఆ రెండు చేతుల మధ్య దారప్పోగులు, సుద్దముక్క ఉండాయి.

"పేరు?"

చెప్పినాను. బిడ్డ పోయినాక ఆ పేరు నా నోట్లోంచి రావడం అదే మొదలు. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలికేవాళ్ళు కాదు, నేనేమైపోతానో అని. జిప్పులక్క ఒక్కసారి ఆ పేరు పలికి చూసుకుంది. తర్వాత, "దారమైపోయింది చూడు, కండె మార్చు" అనింది.

కండె మార్చినాను. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆ మాలంతా మేమిద్దరమే కుట్టి పంపించినాం.

ఆ తర్వాత ఎండాకాలంలో మా అత్తగారి ఊరి నుంచి కబురొచ్చింది. మా ఆయనకు ఇంకో సంబంధం చూసినారంట, పెద్దమనుషుల్లో మాట్లాడి తెంచుకుందామన్నారు. కళ్యాణదుర్గంలో ఒక పెద్దాయన ఇంటి వసారాలో పంచాయితీ. నాయన, మా అన్న ఊరి నుంచి వచ్చినారు. రాయదుర్గం నుంచి నాతోపాటు జిప్పులక్క వచ్చింది. నువ్వెందుకంటే, "బస్సెక్కి చానా దినాలైంది" అనింది.

మా ఆయన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడినాడు. బాగా చిక్కినాడు. చేతుల మీద సిమెంటు పగుళ్ళు. నన్ను చూసి, "తిన్నావా?" అన్నాడు. తిన్నానన్నాను. కోపం గానీ ప్రేమ గానీ ఏమన్నా వస్తాదేమోనని నాలోపల వెతుక్కున్నాను. ఏమీ లేదు. ఆయనక్కూడా ఏమీ ఉన్నట్టు కనపడలేదు. ఇద్దరం ఒకే బస్సు కోసం నిలబడిన ముఖపరిచయం ఉన్న మనుషుల మాదిరి ఉండాము.

పెద్దాయన అడిగినాడు. "ఏమ్మా, నువ్వేమన్నా చెప్పేది ఉండాదా?"

"లేదు" అన్నాను.

"ఉండాది" అని వెనక నుంచి జిప్పులక్క గొంతు. "దాని పెట్టె, బిందెలు, పుట్టింటోళ్ళు పెట్టిన మంచం అన్నీ వాళ్ళింట్లోనే ఉండాయి. అవి తెచ్చియ్యమని చెప్పండన్నా. మనిషిని ఊరికే బస్సెక్కించి పంపిస్తే సరా?"

"నువ్వెవరమ్మా?" అన్నారెవరో.

"దాని అక్కను."

నాయన ఆమె దిక్కు తిరిగి చూసి, మళ్ళా తల దించుకున్నాడు. అవునన్నట్టే ఊరుకున్నాడు. పదిదినాల్లో సామాన్లన్నీ వచ్చినాయి.

నాలో మొదట తిరిగొచ్చింది ఏడుపు కాదు, కోపం. అది కూడా చిన్న విషయానికి. ఆ ఎండల్లోనే మా వీధికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వరసలో నా బిందె పక్కకు తోసి ఒకామె తన బిందె పెట్టింది. రోజూ జరిగేదే. రోజూ ఊరుకునేదాన్నే. ఆ పొద్దు ఏమైందో, ఆమె బిందెను కాలితో తన్నినాను. అది దొర్లుకుంటా మురుగు మోరీలో పడింది. ఆమె నా జుట్టు పట్టుకుంది, నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. నా నోట్లోంచి ఏం మాటలొచ్చినాయో, అవి నాకు వచ్చని కూడా నాకు తెలీదు. ట్యాంకరు డ్రైవరు దిగొచ్చి విడిపించినాడు. పెద్దమ్మ గడపలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తాంది.

షెడ్డుకు పోయి చెప్తే జిప్పులక్క వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమెను చూసి నాకూ నవ్వొచ్చింది. మేస్త్రి వచ్చి, "ఏమప్పా, ఇది షెడ్డా, సినిమా హాలా?" అని అరిచినాడు.

అట్లని అన్నీ బాగైపోయినాయని కాదు. మళ్ళా చానా దినాలు పాత మాదిరే గడిచినాయి. మధ్యలో ఎప్పుడన్నా ఒకనాడు కోపం, ఒకనాడు ఆకలి, ఒకనాడు ఊరికే నవ్వు వచ్చి పోయేవి.

ఇంకో ఏడాదికి జిప్పులక్క వాళ్ళు బళ్ళారికి కాపురం మార్చినారు. టెంపో ఓనరు అక్కడే ఉండమన్నాడంట. వాళ్ళాయన తోలే టెంపోలోనే సామాన్లు వేసుకుని, పైన పరుపుల మీద కూర్చుని పోయింది. "రాయే ఒకసారి, బళ్ళారేమన్నా దూరమా" అనింది. దూరం కాదు. రెండుసార్లు పోయినాను. తర్వాత ఆమెకు మనవలొచ్చినారు, నాకు పని పెరిగింది, పోవడం తగ్గింది. కొట్లాట ఏమీ లేదు.

పెద్దమ్మ కొడుక్కు పెండ్లి కుదిరినాక ఆ ఇంట్లో చోటు చాలలేదు. కొండ దిక్కు ఒక వీధిలో చిన్న గది బాడిగకు తీసుకున్నాను. సామాన్లు దింపుతాంటే పక్కింటామె చాట పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎవరెవరుంటారమ్మా?"

"నేనొక్కదాన్నే."

"పిల్లోళ్ళు?"

అంతకుముందు ఎవరడిగినా లేరనేదాన్ని.

"ఒక పాప ఉండె. పోయింది" అన్నాను.

ఆమె చాటలో బియ్యాన్ని వేళ్ళతో ఒకసారి కదిలించి, "అయ్యో" అనింది. కిటికీ దిక్కు చూసి, "కొండమీంచి కోతులొస్తాయమ్మా, కిటికీ వేసుకో. పోయిన వారం నా చెనిక్కాయలన్నీ పోయినాయి" అని చెప్పి వెళ్ళింది. నేను పోయి కిటికీ వేసినాను.