కారణం రాయని సెలవు చీటీ

వన్ టౌన్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై రెండేళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తాగా పనిచేశాను. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు సెలవు పెట్టారు, ఎవరి ఇంక్రిమెంటు ఎందుకు ఆగింది, ఇవన్నీ సర్వీసు రిజిస్టర్లలో ఎక్కించడం నా పని. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ రోజు ఏం చేశానో నాలుగు వాక్యాలు డైరీలో రాసుకునేవాణ్ని. రిటైరై పెందుర్తిలో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇనప బీరువాలో కింది రెండు అరలు డైరీలవే.

కిందటేడు ఎండాకాలంలో ఒక ఉదయం మా ఆఫీసు ఖలాసీ ఇంటికి వచ్చాడు. మా విభాగానికి ఒక లాంచీ ఉండేది. తాళ్లు కట్టడం, డెక్కు కడగడం, లంగరు వేయడం ఖలాసీల పని. ఇతను సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టి ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చినవాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. కుర్చీ చూపించినా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“బాబూ, నాను పద్దెనిమిది రోజులు డూటీకి రానేదని బుక్కులో ఉందంట. పించను రాదంతన్నారు.”

నాకు వెంటనే అర్థమైంది. అనుమతి లేని గైర్హాజరును ఎవరూ సెలవుగా మార్చకపోతే దాన్ని సర్వీసులో విరామంగా లెక్కించవచ్చు. విరామం పడితే అంతకు ముందు చేసిన సర్వీసంతా పోతుంది. పెన్షనుకు కనీసం పదేళ్లు ఉండాలి. ఇతనికి ఆ పద్దెనిమిది రోజులకు ముందు పధ్నాలుగేళ్లు, తర్వాత తొమ్మిదేళ్లు. ముందువి పోతే మిగిలేది తొమ్మిదే.

ఇది ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి కారణం ఉంది. ఏటా ప్రతి ఉద్యోగికీ తన సర్వీసు రిజిస్టరు చూపించి సంతకం తీసుకోవాలి. ఖలాసీలు జెట్టీ మీది నుంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చేవారు. అతను చూడకుండా సంతకం పెట్టేవాడు, నేను చూపించకుండా పెట్టించుకునేవాణ్ని.

“సెలవు చీటీ ఇవ్వలేదా నువ్వు?” అన్నాను.

“ఇచ్చినాను బాబూ. నాలుగో రోజున మా లాంచీ మనిషి సేత పంపించినాను. మీరే తీసుకున్నారంట. ఇప్పుడు ఫైల్లో కాయితం నేదు.”

మా ఆవిడ మజ్జిగ తెచ్చి అతని చేతికిచ్చింది. “ఈయన డైరీల్లో లేకపోతే ఇంకెక్కడా ఉండదు బాబూ. నేను చారులో ఉప్పెక్కువేసిన రోజులు కూడా అందులో ఉన్నాయి.”

“అయితే నా తప్పులు బండెడుంటాయమ్మా,” అన్నాడు.

ఆ సంవత్సరం డైరీ తీశాను. తేదీ సులువుగానే దొరికింది. పైకి చదివాను: “లాంచీ ఖలాసీ సెలవు చీటీ వచ్చింది. కారణం గడి ఖాళీ. తిప్పి పంపాను. వీళ్లకు నియమం నేర్పాలి.”

చివరి వాక్యం దగ్గర ఆపేద్దామనుకున్నా, మొదలుపెట్టాను కాబట్టి పూర్తిచేశాను.

“నేర్సుకున్నాను బాబూ,” అన్నాడతను మజ్జిగ తాగుతూ.

డైరీ మూసేశాను. “అన్ని గడులూ నింపి అదొక్కటే ఎందుకయ్యా వదిలేశావు?” అని అడిగాను.

గ్లాసు కింద పెట్టాడు.

“మా అన్న తెప్ప తిరగబడిపోనాది బాబూ. ఆడితో ఉన్నోడు ఒడ్డుకొచ్చీసినాడు. ఆడు రానేదు. మేం పడవలేసుకుని ఒడ్డెంట పూడిమడక ఊరు దాకా ఎతికినాం, మీరు తిప్పి పంపిన కాయితం నాకు అందనేదు. చీటీ పట్టుకెల్లిన మా లాంచీ మనిషి, అన్న సచ్చిపోనాడని రాసీరా, సెలవిచ్చీస్తారు అన్నాడు. అలగ ఎలా రాత్తాను? మా వొదిన బొట్టెట్టుకుని గుమ్మంలో కూకుంది. తమ్ముడే సర్కారు కాయితం మీద రాసీసినాడంటే దానికింకేటి మిగుల్తాది?”

మనిషి ఒడ్డుకు చేరనంత వరకు ఆ ఇంట్లో ఆ మాట ముందుగా ఎవరూ అనరని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు ఆ ఒడ్డుకు అరమైలు దూరంలో కూర్చుని పనిచేశాను.

“నాతో చెప్పాల్సింది.”

“మీరడిగితే సెప్పుదును.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. చీటీ అసంపూర్తిగా ఉంటే తిప్పి పంపడం నియమమే. కానీ దాని వెంట ఒక మెమో పంపి, కారణం తెలుపమని అడగడం కూడా నియమమే. ఆ రెండో సగం నేను చేయలేదు. ఒక మనిషి మొండితనం చేస్తున్నాడని నిర్ణయించేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకు ఉత్తరం రాశాను. సెలవు చీటీ ఫలానా తేదీన నాకు అందిందని, నేనే తిప్పి పంపానని రాశాక, చేతి అలవాటు కొద్దీ “పొరపాటు జరిగినది” అని పడింది. దాన్ని కొట్టేసి “పొరపాటు చేశాను” అని రాశాను. ముప్పై రెండేళ్లలో అలాంటి వాక్యం ఆఫీసు కాగితం మీద రాయడం అదే మొదటిసారి.

సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాం. నా పాత సీట్లో ఇప్పుడు ఒక అమ్మాయి ఉంది. ఉత్తరం, డైరీ పేజీ నకలు చదివింది.

“అన్నయ్యగారి డెత్ సర్టిఫికెట్ ఒకటి పెట్టించండి సార్. కేసు స్ట్రాంగ్‌గా ఉంటాది.”

ఖలాసీ నేల వైపు చూస్తున్నాడు.

“ఆ సెలవు ఇతని ఖాతాలో ఉందమ్మా. ఇవ్వడానికి కారణం చాలు. సర్టిఫికెట్ కావాలని ఏ రూలులో ఉందో చూపించు,” అన్నాను.

“మీరైతే కారణం లేదని రిటర్న్ చేసీసేరు కద సార్!”

“అందుకే రెండు బస్సులు మారి వచ్చాను.”

ఆమె నవ్వి కొత్త ఫారం తీసి ఇచ్చింది. పక్క బెంచీ మీద కూర్చుని నేనే నింపాను. కారణం గడిలో “సముద్రంలో కనిపించకుండా పోయిన అన్నను వెతకడానికి” అని రాశాను.

అతను సంతకం పెట్టలేదు. “ఓపాలి సదవండి బాబూ,” అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు.

“సచ్చిపోనాడని ఎక్కడా నేదు కదా?”

“లేదు.”

“ఎతకడం అయిపోనాదని?”

“అదీ లేదు.”

అప్పుడు పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం నింపాదిగా సంతకం పెట్టాడు.

రిటైర్మెంటుకు తొమ్మిది రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. పద్దెనిమిది రోజులూ సెలవుగా మారాయి, సర్వీసు నిలిచింది. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. మంజూరు కాగితంలో కారణం కూడా ఉందని, ఇంటికి తీసుకెళ్లి అందరికీ చదివి వినిపించానని చెప్పాడు.

“మా వొదిన ఏటీ అననేదు బాబూ. ఒక జెరాక్సు తనకి ఇమ్మంది.”