పెద్దిప్ప కింద అగ్గి

కాముని పున్నమ దాటిందంటే చాలు, చింతమడక పొలిమేర గుట్టంతా ఇప్పపువ్వు వాసనే. రజాకార్ల గొడవలింకా ఊళ్ల మీద పడని ఆ రోజులు ఎంత బాగుండేవి! నువ్వులు కలిపి దంచిన ఇప్పపువ్వు ముద్ద నోట్లో పడితే పిల్లలకు అన్నం గుర్తుకొచ్చేది కాదు. తెల్లవారేసరికి ఆడవాళ్లు గంపలతో గుట్టెక్కేవారు. రాలిన పువ్వు కనబడాలంటే కిందున్న ఎండుటాకు పోవాలి. అందుకని అందరూ ముందు రోజే చెట్ల కింద అగ్గి పెట్టేవారు. కనకవ్వ ఒక్కతే చీపురు పట్టి ఊడ్చేది.

"గుట్టకు ముగ్గు గూడ ఎయ్యరాదే!" అని పక్కింటి దుర్గవ్వ ఏడిపించేది.

"నీ మనుమరాలి పెండ్లికి ఏస్త తియ్" అనేది కనకవ్వ, నడుం ఎత్తకుండానే.

ఆ యేడు కనకవ్వ జ్వరంతో మంచం పట్టింది. అత్త ఎల్లవ్వకు చూపు ఆనదు, నడుం వంగదు. అయినా కోడలి గంప ఖాళీగా ఉండకూడదని ముసలి ప్రాణం కొట్టుకుంది. ఒక్కతే గుట్టెక్కి, తమ పెద్దిప్ప చెట్టు కింద ఆకుకు అగ్గి పెట్టింది. మంట చెట్టు పక్కనున్న బండ దాకా పోయి అదే ఆరుతుందనుకుంది. ఊళ్లో అందరూ అనుకునేదే. పాడు గాలి, అప్పుడే లేవాలా! మంట బండ దాటి గడ్డిలోకి దూకింది. ఊరంతా పచ్చి వేపమండలు పట్టుకుని బాదినా పొద్దుగూకేదాకా ఆగలేదు.

గుట్ట నల్లబడింది. మేత లేక గొల్లవాళ్లు మందలను చేర్యాల వైపు తోలుకుపోయారు. తొలివానకు బూడిద కొట్టుకొచ్చి కుంటలో చేపలు తేలాయి. ఎల్లవ్వను ఎవరూ ఒక్క మాట అనలేదు. తామూ పెట్టే మంటే కదా! ఆమే తనను తాను తిట్టుకుంది. "గా చెట్టు బతికితే సాలు, నాకింకేం వద్దు" అంటూ తిండి తగ్గించింది.

మరుసటి యేడు పెద్దిప్ప చిగురు కూడా వేయలేదు. "పూసిందా, బిడ్డా?" అని ఎల్లవ్వ రోజూ అడిగేది. ఒకనాడు కనకవ్వ మిరుదొడ్డి దిక్కు నడిచిపోయి, దోసెడు పువ్వు ఏరుకొచ్చి అత్త చేతిలో పోసింది.

"పూసిందత్తా. తిను."

ఎల్లవ్వ ఒకటి నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది.

"మనది గింత వగరుండదు, పిల్లా" అంది. "ఎంత దూరం నడిచినవే?"

ముసలామె కోడలి పాదాలు తన ఒళ్లోకి లాక్కుని ఒత్తసాగింది.