గీతల్లేని ముగ్గు

మనవరాలు పొద్దుగాల వాకిట్ల ముగ్గుచుక్కలు పెడుతుంటే, నాకు మా అక్క పుస్తకం యాదికొస్తది.

పుట్టుకతోనే చూపులేని అక్కను బాపు లక్సెట్టిపేట నుంచి హైదరాబాదుకు, అంధుల బడికి పంపిండు. ఎండకాలం సెలవులకు ఆమె తెచ్చిన లావుపాటి పుస్తకంల అక్షరమే లేదు, అన్నీ ఉబ్బెత్తు చుక్కలే.

"ముగ్గులకు గీతలు గియ్యడం మరిచిండ్రవ్వా!" అన్న నేను. మమ్ముల కన్న అవ్వ కూడా అవునన్నది.

అక్క పుస్తకం ఒళ్లె పెట్టుకొని, చుక్కల మీద వేళ్లు జరుపుకుంట నక్క కథ గడగడ చదివింది. అరుగు మీది పెద్దబాపుకు ఆడపిల్ల చదువంటేనే గిట్టదు.

"గిదంత బట్టీ పట్టింది," అని తనే ఇంకో పేజీ తిప్పి ముందర పెట్టిండు. అక్క అదీ చదివింది. పెద్దబాపు చేతుల చుట్ట ఆరిపోయింది.

అక్షరం ముక్క రాని అవ్వ, చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చి కూసున్నది.

"నాకు జర చూపియ్యి బిడ్డా."

అక్క ఆమె వేలు పట్టి ఒక్క చుక్క మీద ఆనిచ్చింది.

"గిది 'అ', అవ్వా."

కండ్లున్న మా అవ్వ నేర్చిన మొదటి అక్షరం అదే. తెల్లారి వాకిలూడ్చి, నడిమిట్ల ఒక్కటే ఒక్క చుక్క పెట్టి, మమ్ములందరిని బయటికి పిలిచింది.

"సదువుండ్రి సూద్దాం!"