డబ్బా మీది డబ్ల్యూ

మా అత్తమ్మ మొదటి విమానయాత్రను మా ఇంటి వాకిట్లోనే కూల్చినంత పని చేశాను. విమానానికేమీ కాలేదు లెండి, కూలింది నా పరువే.

అప్పట్లో కొత్వాల్‌గూడలో ఉంటూ సొంత డీజిల్ కారును ఎయిర్‌పోర్టుకు కిరాయికి తిప్పేవాణ్ణి. అనుమానం నా పుట్టుకతోనే వచ్చింది. చాయ్ ఇచ్చినా ముందు వాసన చూసేవాణ్ణి. ఇంజన్ ఆయిల్ మార్చడానికి మెకానిక్ సలీం తెచ్చిన డబ్బా మీద 15W-40 అని ఉంది.

“డబ్ల్యూ అంటే ఏంది సలీం?”

“ఆయిల్ నంబర్ అన్నా. నీ బండికి గిదే పొయ్యాలె.”

సూటిగా చెప్పలేదంటే ఏదో మతలబు ఉన్నట్టే కదా! డబ్బా తిప్పి తిప్పి చూస్తే నాకే తట్టింది. డబ్ల్యూ అంటే వాటర్! పదిహేను వంతులు నీళ్ళు, నలభై వంతులు నూనె. ఎంత ధైర్యమండీ, కల్తీని డబ్బా మీద రాసి మరీ అమ్ముతున్నారు!

“నువ్వు పో, నేనే పోసుకుంట” అని సలీంను పంపేసి, కాటేదాన్‌లో ఒక దుకాణానికి పోయాను.

“డబ్ల్యూ లేనిది, మస్తు చిక్కగున్నది ఇయ్యి.”

“ఏ బండికన్నా?”

కారని చెబితే మళ్ళీ నీళ్ళ డబ్బానే అంటగడతాడు. “ట్రాక్టర్‌కు” అన్నాను.

“గేర్లకేనా?”

“ఆ, గేర్లకే.”

పాపం, అడిగినదే ఇచ్చాడు. దాని నంబరు 140. వంచితే తేనెలా బద్ధకంగా దిగింది. మోసగాళ్ళందరినీ ఓడించానని మురిసిపోతూ కారులో పాత ఆయిల్ దింపి, ఇది పోశాను.

మర్నాడు తెల్లవారుజామున డిసెంబరు చలి. అత్తమ్మ ఎయిర్‌పోర్టులో తన చెల్లెల్ని కలుసుకుని, ఇద్దరూ తిరుపతికి విమానంలో పోవాలి. ఆ సంగతి వాడలో చెప్పని గడప లేదు. పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. తాళం తిప్పాను. ఇంజన్ ఒక మూలుగు మూలిగి ఆగింది. బ్యాటరీ అయిపోయేదాకా తిప్పుతూనే ఉన్నాను.

“అల్లుడా, ఇమానం నాకోసం ఆగుతదా?”

“జర ఓపిక పట్టు అత్తమ్మా, అయిపోయింది.”

“అయిపోయింది బండా, నా తిరుపతా?”

గతిలేక సలీంకు ఫోన్ చేశాను. స్కూటర్ మీద వచ్చి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి నెత్తి పట్టుకున్నాడు.

“అన్నా, గిది ట్రాక్టర్ గేర్లకు పోసేది! డబ్ల్యూ అంటే వింటర్. సలికాలంల ఎట్ల పారుతదో ముందు నంబర్ చెప్తది, ఇంజన్ వేడెక్కినంక ఎంత చిక్కగుంటదో ఎనక నంబర్ చెప్తది.”

“మరి నిన్ననే చెప్పలేదేంది?”

“చెప్తే నమ్ముతుంటివా?”

వెనక్కి తిరిగి చూస్తే, అత్తమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని సలీం స్కూటర్ మీద కూర్చుని ఉంది. విమానం అందుకుంది. నాకు మాత్రం సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆ తర్వాత సలీం ఇంజన్ కడిగి తన ఆయిలే పోశాడు. అత్తమ్మ తిరిగొచ్చిన రోజు దర్జాగా కారులో ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను.

“ఎక్కు అత్తమ్మా.”

“ముందుగాల బానెట్ లేపు.”

లేపాను. కడ్డీ తీయించి, ఆయిల్‌ను వేళ్ళతో రుద్ది, వాసన చూసింది.

“ఎవలు పోసిన్రు?”

“సలీం.”

“నువ్వైతే ముట్టలేదు గద?”

నలుగురూ చూస్తుండగా బానెట్ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఈ జన్మలో డబ్బా మీది అక్షరానికి సొంత అర్థం చెప్పను, ఏ దుకాణంలోనూ నా కారును ట్రాక్టర్ అనను.

అత్తమ్మ అంతా విని ఫోన్ తీసింది. “సలీం బిడ్డా, ఎక్కుమంటవా?” అని అడిగిన తర్వాతే కారు తలుపు ముట్టుకుంది.