అత్తగారికి కొలిచి పెట్టిన అన్నం

పోయిన నెల మా అత్తగారు కన్నుమూశారు. తెల్లవారి కాఫీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. కబురు అందక రాలేకపోయిన వారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంతొమ్మిది వందల తొంభైల చివర్లో ఆవిడ కాలి బొటనవేలికి పుండు లేచి మానలేదు. మా ఊరు చల్లపల్లి పక్కన. విజయవాడ తీసుకెళ్తే షుగరని తేలింది. అది దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టరు గారు. రాత్రిపూట అన్నం మానేయమన్నారు.

ఆ పూట నుంచే మానేశారు. మా వైపు అన్నం వేరు, టిఫిన్ వేరు. శనివారం ఉపవాసమున్న వాళ్లు కూడా టిఫిన్ చేస్తారు. ఆవిడా రాత్రిళ్లు ఇడ్లీలు తినేవారు. కట్టు విప్పిన ప్రతిసారీ వేలు నల్లబడిందేమోనని నాకు దడ.

మళ్లీ వెళ్లినప్పుడు, ఆహారం గురించి చెప్పే అమ్మాయి దగ్గర కూర్చోబెట్టారు.

“రాత్రికి ఏం తింటున్నారమ్మా?”

“అన్నం ముట్టి నెల దాటింది తల్లీ. ఓ అయిదారు ఇడ్లీలు, అంతే.”

“ఇడ్లీ రవ్వ దేంతో చేస్తారు?”

ఆవిడ నావంక చూశారు. “బియ్యంతో,” అన్నాను.

“అయితే నెలంతా ఆవిరి మీద ఉడికిన అన్నమే తిన్నానటే!” అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

తీపి ఒక్కటే కాదు, పిండిపదార్థం ఏదైనా ఒంట్లో చక్కెరే అవుతుందంది ఆ అమ్మాయి. అన్నం, అట్టు, అరటిపండు అన్నీ ఒకే లెక్కలో వేయమంది. కప్పు చూపించి కొలత చెప్పింది.

మా ఊళ్లో మనిషికి అన్నం కొలిచి పెట్టడం తప్పు. కోడలు అత్తకి కొలిస్తే ఇక చెప్పక్కర్లేదు. చుట్టాలొస్తే కప్పు కొంగు చాటున పెట్టుకునేదాన్ని. ఓసారి మా ఆడపడుచు చూసింది.

“అమ్మకి కప్పుతో పెడుతున్నావేంటి వదినా? బియ్యం నిండుకున్నాయా?”

అత్తగారు తలెత్తలేదు. “నేనే కొలవమన్నా. నా కాలు నాక్కావాలి. నువ్వు తిను ముందు.”

తర్వాత ఎవరూ అడగలేదు. ఆ మాట నాకెంత బరువు దించిందో ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నెలలు పట్టినా పుండు మానింది. వేలు నిలిచింది. నా భయం మాత్రం పోలేదు. పెళ్లి భోజనాల్లో ఆవిడ విస్తరి మీదే నా కళ్లుండేవి. అది కనిపెట్టి, “బూరె ఒకటి తిన్నా, అన్నం సగం మానేశా. సరిపోయిందిగా? నీ ముద్ద నువ్వు మింగు,” అనేవారు.

పెద్దకర్మ నాడు ఆవిడ పేరిట విస్తరి వేశాం. గారెలు, బూరెలు పెట్టాక ఆడపడుచు అన్నం వడ్డించింది. రెండో గరిటె సగం పడగానే నా నోటి వెంట “చాలు” అని వచ్చేసింది.

ఆమె ఆగి నావైపు చూసింది. గరిటెలో మిగిలిన అన్నం మీంచి ఆవిరి లేస్తోంది.